అడుగు ముక్క

ముందు గదిలో పేక కలుపుతున్నారు. తమ్ముడు వంటింటి తలుపు దగ్గరగా వేసి, అక్క వైపు తిరిగాడు.

“కళ్లారా చూశానక్కా. ఇందాకటి ఆటలో బావ పై ముక్క జరిపినట్టే జరిపి, అడుగు ముక్క లాగి పంచాడు.”

“మెల్లగా. పాలు పొంగేట్టున్నాయి, పక్కకి జరుగు.”

“పాల సంగతి తర్వాత. దర్జీకి ముందే అనుమానం వచ్చింది. ‘నీ ఇంట్లో ఎవరో దొంగాట ఆడుతున్నారు, కనిపెట్టు’ అన్నాడు పోయిన వారం.”

“ఆ దర్జీ కుట్లు వంకర గానీ, చూపు మాత్రం సూటి.”

“నవ్వులాట కాదు. ఇప్పుడు పంచేలోపు పేరు చెప్పాలట. ఎవరింట్లో ఆడితే వాళ్లే చెప్పాలి, అది మా కట్టుబాటు. పేరు పడ్డవాడు ఇక మా నలుగురిలో ఎవరి గడపా తొక్కకూడదు.”

“చెప్పకపోతే?”

“దర్జీ, కంపౌండరు లేచిపోతారు. మళ్లీ రారు.”

“చెబితే?”

“చెబితే... బావ...”

“మింగుతావేం? చెబితే మీ బావ రారు. ఆయన రాని ఇంటికి నన్ను పంపుతారా? నా పుట్టింటికి నువ్వే తాళం వేస్తావన్నమాట.”

“అందుకేగా నిన్ను లోపలికి పిలిచింది! కక్కలేను, మింగలేను. నువ్వే బావకి ఓ మాట చెప్పి మాన్పించకూడదూ?”

“చక్కెర డబ్బా ఎక్కడ పెట్టావు?”

“అక్కా!”

“వినపడుతోందిలే. ఓడినవాడు గ్లాసులు కడగాలని రూలు పెట్టిందెవరు?”

“నేనే. ఇప్పుడదెందుకు?”

“ప్రతి ఆదివారం ఈ తొట్టి దగ్గర నిలబడేదెవరు?”

“బావ... ఎక్కువసార్లు బావే.”

“దొంగాట ఆడి గ్లాసులు కడుక్కునేవాణ్ని ఎక్కడన్నా చూశావట్రా?”

“మరి ఆ ముక్కలు ఎవరికి...”

“నీకే. జోకర్లు అంత కుప్పలుగా నీ చేతికే ఎందుకొస్తున్నాయనుకున్నావు?”

“లేదు. లేదక్కా. నాది మంచి చెయ్యి. కంపౌండరే అన్నాడు.”

“నీ ప్రింటింగ్ ప్రెస్సు మూసేశాక మంచం దిగావా నువ్వు? గోడకేసి తిరిగి పడుకునేవాడివి. మొదటిసారి ఆట గెలిచి షో చెప్పిన మర్నాడు లేచి గడ్డం గీసుకున్నావు. అది చూసి, నీకు మంచి ముక్కలు వెయ్యమని నేనే ఆయన కాళ్లావేళ్లా పడ్డాను. ‘వద్దే, తెలిస్తే పరువు పోతుంది’ అన్నారు పాపం.”

“ప్రెస్సు పోయాక నాకు చేతనైంది ఇదొక్కటే అనుకున్నా.”

“తమ్ముడూ...”

“ముట్టుకోకు.”

“ఏమయ్యోయ్! టీ పెడుతున్నారా, తేయాకు తోట వేస్తున్నారా?”

“అదుగో, దర్జీ పిలుస్తున్నాడు. ఉన్నమాట చెప్పెయ్యరా. నీ మీద జాలితో చేశారని తెలిస్తే ఎవరూ తప్పు పట్టరు.”

“జాలా? ఆ మాట నా నోటితోనే చెప్పమంటావా? రేపు వాళ్లు నన్ను చూసే చూపు ఎలా భరించను?”

“మరేం చేస్తావు? ఒరేయ్, తలుపు తియ్యకు, ఆగు...”

“రావయ్యా రా. పేక ఇంకా కొయ్యలేదు. ఈ దర్జీ కదలడు, కంపౌండరు కదలడు, మీ బావగారూ ఇక్కడే ఉన్నారు. తేల్చు. ఎవరు?”

“బావా, నువ్వు నోరెత్తకు. కూర్చో... ఆ దొంగ చెయ్యి నాదే.”