వజీర్ మియా హజ్ ఫారం

ముందుగాల ఆ చేతులు దించు, వజీర్ మియా. చేతులు జోడిచ్చుడు, కండ్లల్ల నీళ్లు తెచ్చుకునుడు నా దుకాణంల నడువదు. బయట బోర్డు ఉన్నది, చూసినవు గదా? జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ ఫారాలు. మాఫీలు ఇయ్యబడును అని ఎక్కడన్న రాసి ఉన్నదా?

కూసో. ఆ స్టూల్ మీద కాదు, దాని కాలు విరిగింది. నువ్వు పడితే అది గూడ నా మీదికే వస్తది. వైకుంఠం పగబట్టి విరిగిన స్టూల్ ఏసిండు అంటరు గల్లీల.

ఏంది? ఫారం నింపకముందే అడగాలెనా? అరె, ఎవరన్న గిట్ల చేస్తరా? చిట్టీలల్ల పేరొచ్చినంక, వీసా పడ్డంక, మెడల పూలదండలు ఏసుకొని గడప గడపకు తిరుగుతరు. 'కహా సునా మాఫ్ కరో' అంటరు. అన్నది, విన్నది మనసుల పెట్టుకోకుండ్రి అని. నలభై ఏండ్ల సంది చూస్తున్న ఈ కార్వాన్ గల్లీలల్ల. నువ్వేమో ఆఖరి తారీఖు నాడు, సర్వర్ సగం చచ్చి ఉన్నప్పుడు వచ్చి, ముందు మాఫీ, తర్వాత ఫారం అంటవు.

ఎవరు చెప్పిండ్రు? నీ ఇంటామె జైబున్ ఆపానా?

వైకుంఠం అన్న ఇంటికాడికెల్లి మొదలువెట్టు అన్నదా. ఎప్పుడన్నది? దవాఖానలనా?

సరే. కాగితాలు ఇటు దే.

పాస్‌పోర్టు బాగనే ఉన్నది. ఆధార్ ఉన్నది. బ్యాంకు పాసుబుక్కు ఉన్నది. ఈ ఫోటో ఎవడు తీసిండయ్యా? తెల్ల గోడ, తెల్ల టోపీ, తెల్ల గడ్డం. రెండు కండ్లు, ఒక ముక్కు గాలిల ఏలాడుతున్నయి. కంప్యూటర్ దీన్ని మనిషే కాదంటది. ఒకపారి నాకు గూడ అట్లనే అనిపిచ్చింది తియ్యి, నిన్ను చూస్తే.

లే. టోపీ తీసి ఆ గోడ ముంగట నిలబడు. గోడకు ఆనకు, నీడ పడ్తది. సీదా చూడు. నా దిక్కు కాదు, కెమెరా దిక్కు. పదకొండేండ్లు నా మొఖం చూడనోనివి, ఇప్పుడెందుకు చూస్తున్నవు?

అయ్యింది. కూసో.

మరిచిపోయిన అంటవా? నువ్వు మరిచిపోయినవేమో. చేసినోడు మరుస్తడు, పడ్డోడు మరువడు. ఆ ఎండకాలం నల్లా మూడొద్దులకొకసారి వస్తుండె. వచ్చినా దారం లెక్క. ఎవరో మోటర్ పెట్టి గుంజుతున్నరని గల్లీ అంతా లొల్లి. నల్లా ఆఫీసోళ్లు వచ్చి అడిగిండ్రు, ఎవరింట్ల ఉన్నది మోటరు అని. అందరు నెత్తి దించుకున్నరు. నువ్వొక్కనివి ఏలు ఎత్తినవు. నా దర్వాజ దిక్కు.

అనుమానమొచ్చి చూపిచ్చిన అంటవు. అనుమానం వస్తే నా తానికి రావాలె. గల్లీ అడ్డం ఆరడుగులు. ఆరడుగులు నడిచి, 'వైకుంఠం భాయ్, నీ ఇంట్ల మోటర్ ఉన్నదా' అని అడిగితే నీ కాళ్లు అరుగుతయా?

బూట్లతోని వచ్చిండ్రు నలుగురు. బియ్యం డ్రమ్ములు జరిపిండ్రు. మంచాల కింద దూరిండ్రు. దేవునర్రల నన్ను కన్న మా అవ్వ నాగమణమ్మ తలస్నానం చేసి, తడి వెంట్రుకలతోని కూసున్నది. 'లేచి బయటికి రా, ఎనుక చూడాలె' అన్నరు ఆమెను. డెబ్బై రెండేండ్ల ముసల్దాన్ని! దేవుని పటం ఎనుక మోటర్ ఉంటదా?

దొరకలే. ఎట్ల దొరుకుతది? మోటర్ ఎనుకింటి గుండయ్య తాన ఉండె. ఎనిమిది రోజులకు ఊరంతా ఎరుకైంది. అప్పుడన్న వస్తవేమో అని చూసిన. 'తప్పైంది' అని ఒక్క మాట. గల్లీ మధ్యల గూడ వద్దు, ఇంట్లకొచ్చి చెవుల చెప్పినా సాలు. నువ్వు రాలే. జైబున్ ఆపా వచ్చింది, షీర్‌ఖుర్మా పాయసం గిన్నె పట్టుకొని. ఆమె ఏం తప్పు చేసింది? అవ్వ గిన్నె తీసుకున్నది గాని మూత తియ్యలే. తెల్లారి అట్లనే కడిగి ఇచ్చి పంపింది.

మూడేండ్లకు అవ్వ పోయింది. పోయే దినం గూడ అన్నది, 'నా ఇంట్ల దొంగసొమ్ము ఎతికిండ్రు కదరా' అని. ఆమె కాళ్లు పట్టుకొని ఒట్టేసిన. ఆ వజీర్ గడప తొక్క అని. తొక్కలే.

ఇప్పుడు మాఫ్ చెయ్యమంటే ఎట్ల చెయ్యాలె, చెప్పు. మీ పెద్దలే అంటరు గదా, దేవుని బాకీ దేవుడు మాఫ్ చేస్తడు, మనిషి బాకీ మనిషే చెయ్యాలె అని. మా అవ్వ బాకీ మా అవ్వ చెయ్యాలె. పోయి అడుగు. పురానాపూల్ కాడ కాలబెట్టినం.

బ్లడ్ గ్రూపు చెప్పు. ఎరుకలేదా? రాసుకొని రావాలె గదా. ఈ ల్యాబు కాగితం మీద ఉన్నది, ఆగు. బీ పాజిటివ్.

ఫోన్ నంబరు. నాది కాదు, నీది. ఈసారి నా నంబరు పెట్టను. ఎందుకంటే... చెప్త. ముందు నంబరు చెప్పు. మెసేజ్ సదువరాదంటే అల్లుణ్ణో, మసీదు కాడ ఎవరినన్ననో అడుగు. నాది పెట్ట అన్న గదా, ఒక్కపారి చెప్తే సమజ్ కాదా?

బీమారి. షుగర్ ఉన్నదా? బీపీ? ఉంటే ఉన్నదనే రాస్త. లేదని రాయమని నన్ను అడగకు. నేను పదో తరగతి తప్పినోణ్ణే గాని, ముప్ఫై ఏండ్ల సంది ఈ మిషన్‌ల కెల్లి ఒక్క అబద్ధం బయటికి పోలే. సంతోష్‌నగర్‌కెల్లి ఒక సేటు వచ్చిండు, కొడుకు వయసు రెండేండ్లు తగ్గియ్యమని. కాగితాలు మొఖాన కొట్టిన. నా సొంత బామ్మర్ది ఆమ్దానీ తక్కువ చూపమంటే, ఇగ మా ఇంటికి రాకు అన్న. ఇప్పటికీ వస్తలేడు. నీతి అంటే గట్ల ఉండాలె. నవ్వకు. నవ్వలేదా? సరే.

షుగర్ ఉన్నది. రాసిన. దానికి పేరు పోదు, ఫికర్ చెయ్యకు.

నీకేమన్న అయితే ఎవరికి చెప్పాలె? బిడ్డకా? ఇర్ఫానా. జహీరాబాద్. మంచిది.

కవర్ల ఎంతమంది?

ఎంతమంది అని అడుగుతున్నది కంప్యూటర్, నేను కాదు. ఒక ఫారం మీద కలిసి పోయేటోళ్లు ఎంతమంది అని.

ఒకటి.

ఒకటే కొట్టిన.

నిరుడు రెండు కొట్టిన ఇదే జాగాల. నువ్వు రాలే, ఆమె వచ్చింది, ఇద్దరి కాగితాలు పట్టుకొని. 'ఆయన రాడన్నా, సిగ్గు' అన్నది. సిగ్గట! పొగరు అని నేనన్న. నవ్వింది. 'రెండూ ఒక్కతీరే ఉంటయి ఆయన మొఖం మీద' అన్నది.

ఏంది? ఏమంటివి?

నసీబ్ల లేకుండెనా? చిట్టీలల్ల పేరు రాలేదా? అల్లా మర్జీనా?

అట్ల అనకు, వజీర్ మియా. ఆ మాట మళ్ల అనకు. నేను వద్దంటున్న. ఆయన పేరు నడుమ తేకు. ఆయన దాక ఆ ఫారం పోనేలే.

కూసో. లేవకు. పూర్తిగ విను.

బీమారి కాడికి వచ్చినం. ఏం లేదని రాయన్నా అన్నది. నేను ఆమె దిక్కు చూసిన. ఆమె డయాలసిస్ ఫైల్ ఈ మిషన్ మీదనే గదా జిరాక్స్ తీసిన, మూడు సెట్లు, దవాఖాన స్కీముకని. వారానికి రెండుసార్లు రగతం కడిగేటి మనిషి. అసొంటోళ్లకు అనుమతి లేదని రూల్లల్ల సాఫ్ రాసి ఉన్నది. ఆపా, ఇది తప్పు అన్న. 'అన్నా, అక్కడ్నే పానం పోతే అక్కడి మన్నే దొరుకుతది. ఇంకేం కావాలె నాకు' అన్నది. లేదని కొట్టిన. నా ఏలుతోని కొట్టిన. ఆమె లేచి పోయింది, దువా ఇచ్చుకుంట.

పోయినంక ఆఖరి బటన్ నొక్కలే.

సేవ్ చేసి పెట్టిన. ముప్ఫై ఏండ్ల నీతి అడ్డమొచ్చింది అనుకున్న. వజీర్‌కు చెప్పాలె, ఆమె లేకుండ నీ ఒక్కని పేరు ఎయ్యాలెనా అని అడగాలె అనుకున్న. ఇంకా ఐదు దినాలు ఉండె. ఆరడుగుల గల్లీ. నీ దర్వాజ తెరిచే ఉంటుండె, ఇక్కడికెల్లి కనవడుతుండె, నువ్వు కూసొని గాజుల మీద అద్దాలు అతుకుతుంటివి. నాకేమో ఒట్టు. ఆ వజీరే రానీ అని కూసున్న. పని ఆయనది, వచ్చి అడగనీ అని.

ఐదు దినాలు పోయినయి.

మెసేజ్ రాలేదని ఆమెకు అనుమానం గూడ రాలే. నంబరు నాదే పెట్టిన గదా, మీకు సదువరాదని. లిస్టు పడ్డనాడు వచ్చింది, ఆయాసపడుకుంట. మన పేర్లున్నయా అన్నా అని.

చిట్టీలల్ల రాలే ఆపా అన్న.

మిషన్‌ల కెల్లి అబద్ధం బయటికి పోనియ్యలే గదా నేను! నోట్లకెల్లి పోయింది.

'మళ్లొచ్చే ఏడు చూద్దాం తియ్యి' అన్నది. నాకే ధైర్యం చెప్పి పోయింది.

ఎరుకే, నువ్వు ఏం అంటవో ఎరుకే. మెడికల్ కాడ ఎట్లైనా ఆపుతుండ్రి ఆమెను. నేను గూడ గదే చెప్పుకున్న, పది నెలలు. గాని ఆపేటోళ్లు వేరే ఉన్నరు. వాళ్ల కుర్సీల నన్నెవడు కూసోమన్నడు? పోనీ రూలే అడ్డమైతే ఆమె మొఖం మీద చెప్పాలె. నేను చెప్పలే. ఎందుకు చెప్పలే?

చెప్త. చెప్పుడు మొదలువెట్టినంక సగంల ఆపుడు నాకు రాదు.

ఆ ఐదో దినం పొద్దుగూకంగ, టైం అయిపోయినంక, నీ దర్వాజ దిక్కు చూసిన. నా కడుపుల సల్లగైంది. ఒక్క నిమిషం. వజీర్ పోడు అని. నీతి కాదు అది. నాకు ఎరుకే అది నీతి కాదని. ఆమె యాదికే రాలే నాకు ఆ నిమిషంల.

బక్రీద్‌కు రెండొద్దుల ముందు ఆమె పోయింది. టీవీల అక్కడి మైదానం చూపిస్తున్నరు, లక్షల మంది, తెల్ల బట్టలు. నీ ఇంటి ముంగట షామియానా ఏస్తున్నరు. నేను షట్టర్ దించి లోపల కూసున్న. మయ్యత్‌కు, ఆఖరి సూపుకు గూడ రాలే. ఒట్టు ఉన్నది గదా.

నిలబడ్డవేంది? కొట్టాలెనంటే కొట్టు. అడ్డం రాను. కొట్టినంక మాత్రం కూసో, ఫారం ఇంకా కాలే.

అట్ల చూడకు. ఏమన్న అను. నల్లా ఆఫీసోళ్ల ముంగట ఎత్తినవు గదా ఏలు, ఇప్పుడెత్తు. ఈసారి దొరుకుతది నా ఇంట్ల.

మళ్ల కూసున్నవా? నీ ఇష్టం.

నేను నిన్ను మాఫ్ చెయ్యలే, ముందే చెప్తున్న. నువ్వు గూడ నన్ను చెయ్యకు. ఈ ముచ్చట ఇక్కడ్నే ఇడిసిపెట్టి అక్కడికి పోవాలె అనుకుంటవేమో. వద్దు, నీ ఎంట తీస్కపో. పైనున్న ఆయనకు చెప్పు, పురాగ, నా పేరుతోని.

ఇగో, సర్వర్ వచ్చింది. పేరు సరిగ్గ ఉన్నదా చూసుకో. పాస్‌పోర్టు నంబరు ఒక్కొక్క అంకె చూడు, నా మీద ఇడువకు. ఫోటోల టోపీ లేదు, మనిషివే కనవడుతున్నవు.

ఇది మౌస్. ఆ పచ్చ డబ్బా మీదికి జరుపు. అది కాదు, అది సేవ్. దాని పక్కది. నేను నొక్క. నువ్వే నొక్కు.

గట్టిగ. గాజుల మీద అద్దం అతికినట్టు కాదు, గట్టిగ.

ఆ... పోయింది.

వచ్చిందా మెసేజ్? నీ ఫోన్ల మోగిందా? ఏం రాసి ఉన్నదంటవా, ఇటు దే సదువుత...

వద్దు. బయటికి పోయి ఎవరితోనన్న సదివిచ్చుకో. నా మాట నమ్మకు, భాయ్.