రొయ్యలు తీసేకే మామిడిపళ్లు

ఐస్ పుల్లలు ఎవరు నేర్పేరు పిన్నీ అన్నావు కదా, శారోనూ, మా అత్తగారు. పుష్పలత టీచర్‌గారు. నువ్వు పుట్టకముందే పోయేరులే. ఆ రసం పండు ఇటియ్యి, పిసుకుతూ చెప్తాను. గదివైపు చూడకు, చూస్తే మా అభీ తినడు. రాత్రి రెండు గ్లాసుల్లో పుల్లలు గడ్డకట్టించేను, ఒకటి వాడికి ఇచ్చొచ్చేను. జ్వరం తగ్గింది గానీ వాడికి రుచీ లేదు, వాసనా లేదు. ఆవకాయన్నం పెడితే మట్టిలా ఉందమ్మా అని కంచం తోసేసేడు. డాక్టరుగారేమో వస్తుందండీ, కంగారు పడకండి అంటారు. ఎప్పుడండీ అంటే ఫ్యాను వైపు చూస్తారు. సరే, ఏం చెప్తున్నాను? ఆఁ, అత్తగారు. నీళ్లు కలిపితే ఊరుకునేవారు కాదు. ఉత్త గుజ్జే, కాస్త బెల్లం, స్టీలు గ్లాసులో పోసి కొబ్బరి ఈనెలు నాలుగు కలిపి గుచ్చడమే. అప్పట్లో మా వీధి మొత్తానికీ మాదొక్కటే ఫ్రిజ్, మావగారు మస్కట్ నుంచి వచ్చి కొన్నది. అందరి రొయ్యలూ అందులోనే. టీచర్‌గారూ, కాస్త మా గిన్నె కూడానండీ అని వచ్చేవారు. ఈవిడ కాదనరు. ఓ వేసవి చర్చిలో పిల్లలకి బైబిలు తరగతులయ్యేయి, ఆఖరి రోజున అందరికీ పుల్లలు పంచేరు. నోట్లో పెట్టుకోగానే పిల్లలంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. చివరికి అబ్బులు లేచి, టీచర్‌గారూ, ఇది అన్నంలోకాండీ అన్నాడు. రాత్రంతా రొయ్యల పక్కనే గడ్డకట్టింది మరి. ఆవిడ నవ్వలేదు. ఓ పుల్ల తీసుకుని ఈనెల దాకా తినేసి, బానే ఉందిరా అబ్బులూ, మీ అమ్మ రొయ్యలే అన్నారు. ఆ వేసవి నుంచీ ఇంట్లో ఆవిడ మాట ఒకటే, ముందు ఎవరి రొయ్యలు వాళ్లింటికి, తరవాతే మామిడిపళ్లు లోపలికి. నా పెళ్లైన వారానికే నాకూ చెప్పేరు. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు నేను.

ఉండు. ఏంట్రా అభీ? బాలేదా? ఏం వాసన? రొయ్యలా? మొన్న పక్కింటి నిర్మల పంపిన రొయ్యలు... అయ్యో, శారోనూ, తియ్యలేదే. ఆసుపత్రి హడావిడిలో ఫ్రీజర్లోనే ఉండిపోయేయి. పారేస్తాను నాన్నా, ఇలా ఇచ్చెయ్యి...

ఆగు. అభీ, ఏం వాసనన్నావు? మళ్లీ చెప్పు. నేను చెప్పలేదు కదరా నీకు, నువ్వే అన్నావు కదా?

విన్నావా, శారోనూ.

ఫ్రీజర్లో ఆ రెండో గ్లాసు ఇటియ్యి. నాకే.