కాగినా ఉబ్బని ముక్క

హలో… ఆ, నేనే. మీ నాయననే. తిరుచానూరు కొట్లోనే ఉండా… చెప్పు మహితా.

…ఆగు, ముందు నా మాట విను. ఆ చక్రధర్ నాకు సొంత తమ్ముడే గానీ, మొన్న వాడన్న మాట ఇంకా మింగుడు పడలే. యూనివర్సిటీలో వాడి ల్యాబు చూద్దువు రమ్మంటే వస్తి గదా. వచ్చినోళ్లందరి ముందర, మా మహితకు ఈ తెలివి నా పోలికే అన్నాడు. నేను పక్కనే నిలబడుకోనుండా… లే, నవ్వులాటకు అన్లేదు. నాకు తెల్దా వాడు.

…ఆ, చూసినా. గెడోలినియమో ఏందో, అదీ ఇనుమూ కలిపి కరిగించిన ముక్క… ఊఁ… కాయించినా ఉబ్బదు. దాంట్లో అయస్కాంతం గుణం ఉన్నంతసేపూ అంతే. వేడి హద్దు దాటి ఆ గుణం పోయినాక, అప్పుడు మామూలు ఇనుము మాదిరి ఉబ్బుతుంది… అర్థమయిందిలే, నేను చదివింది ఏడో తరగతే అయినా.

ఉబ్బకుంటే నాకేం లాభం? బేరింగును నూనెలో కాయించేది ఎందుకు, ఉబ్బితేనే గదా షాఫ్టుకు ఎక్కేది. ఆ ముక్కతో బేరింగులు చేస్తే నా ట్రాక్టర్ల రిపేరు కొట్టు మూసుకోవాల్సిందే… నవ్వు, నవ్వు.

…ఏమంటివి? లోహం ఉబ్బేది నీకు మొట్టమొదట చూపించింది సిన్నాయనా?

…గౌను ఏసుకోని నూనె బాండలి పక్కన గొంతుక్కూచున్నది ఎవురమ్మా? నాయనా, ఇందాక ఎక్కలేదే, ఇప్పుడెట్లా ఎక్కె అని అడిగింది ఎవురు?… కొలిచి చూపించినాడా. ఓహో. నా దగ్గర కొలిచే మిషను లేదులే.

…సరే, ఫోను దేనికి చేసినావు… పీహెచ్‌డీ. వాడి దగ్గరే… వాడింట్లోనే ఉండి. నాలుగేండ్లు.

చదువుకో. నేను వద్దంటినా? హాస్టల్లో ఉండు. వాడింట్లో మాత్రం వద్దు… ఖర్చు వాడు పెట్టుకుంటానన్నాడా? నన్నొక మాట అడక్కుండానే?… అక్కర్లేదని చెప్పు.

…కుళ్లా? ఆ, కుళ్లే. ఉండేది ఒక్క కూతురు. దాన్ని గూడా వాడి పోలిక చేసుకుంటే కుళ్లు రాదా?

…వాడేం తీసుకున్నాడా నా దగ్గర? వాడి ఎమ్మెస్సీ చదువుకు మీ తాత అమ్మింది నా భాగం పొలం, మహితా. వాడిది కాదు. వాడి భాగంలో ఇప్పుడు మామిడితోట ఉండాది…

హలో… పెట్టేసినావా…

ఎకరా పద్దెనిమిది సెంట్లు. బావితో కూడా.