వాకాడు పర్ర మీద దిగని విమానం

1957వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ ఉదయం శ్రీ అబ్దుల్ రజాక్ గారు మన విమాన శిక్షణ సంస్థలో శిక్షకులుగా బాధ్యతలు స్వీకరించారు. కావలికి తూర్పున యుద్ధకాలంలో వేసి ఆ తర్వాత మేకలకు వదిలేసిన ఒక రన్‌వే, రేకుల షెడ్డులో రెండు శిక్షణ విమానాలు, తాటాకు కప్పిన ఒక కార్యాలయం, ఆనాటికి మనకున్నవి అంతే. కార్యాలయ పర్యవేక్షకుడిగా ఆ ఉదయం వారికి ఎదురేగి లోపలికి తీసుకువెళ్ళిన వాణ్ణి నేను. పన్నెండేళ్ళ తర్వాత, ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేయనున్న సందర్భంలో, ఈ సంచికలో వారిని గురించి రాసే భాగ్యమూ, దానితో కూడిన బాధా నాకే దక్కాయి.

రజాక్ గారి జన్మస్థలం నెల్లూరు. వారి తండ్రి కీర్తిశేషులు చోటే సాహెబ్ గారు ఆ పట్టణంలో గొడుగులు తయారుచేసి, బాగుచేసి సంసారాన్ని గౌరవంగా నడుపుకున్న పనివారు. యుద్ధకాలంలో వైమానిక దళంలో మెకానిక్‌గా చేరిన రజాక్ గారు, ఇంజన్లు విప్పి బిగించే పనిలో ఉంటూనే పై అధికారుల మెప్పు పొంది, విమానం నడపడం అభ్యసించి, దళం నుంచి బయటికి వచ్చిన పిమ్మట శిక్షకునికి కావలసిన అర్హత సంపాదించారు. మద్రాసులో స్థిరపడే అవకాశం ఉన్నా, సొంత జిల్లా పిల్లలకు విద్య చెప్పాలన్న అభిలాషతో మన దగ్గరికి వచ్చారు.

వారి బోధన తీరు మొదటి రోజే అందరికీ తెలిసింది. కొత్తగా చేరినవారిని విమానం ఎక్కించకుండా, చెప్పులు విప్పించి, రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరి దాకా తమతోపాటు నడిపించేవారు. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ గులకరాయి లేచింది, ఎక్కడ వాన నీరు నిలుస్తుంది అన్నది అరికాలికి తెలియాలన్నది వారి పట్టుదల. ఆ నడకలో మేకల కాపరులతో వారు చేసే సంప్రదింపులు, ఎంత బ్రతిమాలినా తిరిగి అక్కడికే వచ్చే ఒక ముసలి మేకపోతుతో వారు పడిన అవస్థ, మన సంస్థలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే సంగతులు. తొలి నాలుగేళ్ళలో వారి చేతుల మీదుగా పైకి వెళ్ళిన వారిలో ఒక్కరికీ చిన్న గాయమైనా కాలేదు.

ఇటువంటి వ్యాసాలు సాధారణంగా సుగుణాల వర్ణనతో సాగి శుభాకాంక్షలతో ముగుస్తాయి. నేనూ అలాగే రాయాలనుకుని, వారి అనుమతి కోసం కిందటి నెల వారి గదికి వెళ్ళాను. వారు, “కామాక్షయ్య గారూ, రాస్తే వాకాడు సంగతి రాయండి. అది వదిలేసేట్టయితే ఏమీ రాయొద్దు,” అన్నారు. అందువల్ల ఆ సంగతి రాస్తున్నాను. అందులో పాలుపంచుకున్న శ్రీమతి కాని, కుమారి కాని అనవలసిన పని లేకుండా అందరూ ఇందిరమ్మ గారని పిలిచే ఉపాధ్యాయిని సమ్మతి కూడా తీసుకునే రాస్తున్నాను.

వాకాడు ప్రాంతంలో వరి పండించే పెద్ద రైతు పద్మనాభయ్య గారి కుమార్తె ఇందిరమ్మ. గణితంలో పట్టా పుచ్చుకుని, తండ్రిని ఏడాదిపాటు ఒప్పించి, 1960లో మన సంస్థలో చేరిన మొదటి ఆడపిల్ల. ఆ రోజు పద్మనాభయ్య గారు రజాక్ గారి రెండు చేతులూ పట్టుకుని, మా అమ్మాయిని మీ చేతిలో పెడుతున్నామని చెప్పి వెళ్ళారు. ఆమెకు ఆ విద్య ఎంత సహజంగా అబ్బిందో రజాక్ గారు నాతో చాలాసార్లు అన్నారు. గాలి మారిందని తాము చెప్పేలోపే ఆమె చేయి సర్దుకునేదట.

1961 ఫిబ్రవరిలో ఒక ఉదయం, తీరం వెంబడి దక్షిణంగా వెళ్ళి తిరిగి వచ్చే పాఠం కోసం ఇద్దరూ బయలుదేరారు. ముందు సీటులో ఇందిరమ్మ, వెనుక సీటులో రజాక్ గారు. వాకాడు సమీపించేసరికి ఇంజను శబ్దం మారింది. చమురు ఒత్తిడి చూపే ముల్లు పడిపోయింది. కాసేపు లోపలేదో కొట్టుకుంటున్నట్టు చప్పుడై, ఇంజను పూర్తిగా ఆగిపోయింది. లోపలి చమురు గొట్టం ఒకటి బయటికి కనబడని చోట చీలిందనీ, అది ముందుగా ఎవరికీ తెలిసే అవకాశం లేదనీ ఆ తర్వాత దాన్ని విప్పి చూసిన మన ఇంజనీరు క్రీస్తుదాసు గారు నిర్ధారించారు.

ఆగిన ఇంజనుతో విమానం వెంటనే రాలిపోదు. ముక్కు కొంచెం దించి, వేగం తగ్గకుండా చూసుకుంటే, గాలి మీద జారుతూ కొంత దూరం వస్తుంది. ఆ కొంత దూరంలోనే దిగే చోటు వెతుక్కోవాలి. ఎవరూ చెప్పకముందే ఇందిరమ్మ ముక్కు దించి విమానాన్ని నిలకడగా పట్టుకున్నారు. కుడివైపు కోతకు వచ్చిన వరి పొలాలు, వాటికీ సముద్రానికీ నడుమ తెల్లగా మెరుస్తున్న పర్ర అనే చవిటి బయలు, దానికి ఆవల సరుగుడు తోపు, తోపు దాటితే ఇసుక తీరం. ఆమె పర్ర వైపు విమానాన్ని తిప్పసాగారు.

ఇంజను మూగబోయింది గనుక ఆమె మాట వెనుక సీటుకు స్పష్టంగా వినబడింది. “సార్, పర్ర మీద దించుతా. ఈ నెలలో అది గట్టిగా ఉంటాది. బండ్లు పోతాయి దాని మీద.”

పైనుంచి చూసే రజాక్ గారికి ఆ మెరుపు నీళ్ళలా కనబడింది. నీళ్ళలో చక్రాలు తగిలితే విమానం తలకిందులవుతుంది. తీరం విశాలంగా, సురక్షితంగా తోచింది. “నా చేతికి ఇయ్యి,” అన్నారు.

శిక్షకుడు ఆ మాట అన్న మరుక్షణం విద్యార్థి చేతులు వదిలేయాలి. ఆమెకు ఆ నియమం నేర్పినవారు వారే. ఆమె వదిలేశారు.

సరుగుడు తోపు దాటేదాకా తీరం మీద ఏముందో కనబడలేదు. దాటిన తర్వాత కనబడింది. బెస్తవారు సముద్రంలోంచి ఒడ్డుకు అలివి వల లాగుతున్నారు. రెండు వరుసల్లో తాళ్ళు పట్టుకున్న మగవారు, వెనుక గంపలతో ఆడవారు, దిగవలసిన ఇసుక పొడుగునా మనుషులే. తిరిగి పైకి లేచే శక్తి విమానానికి లేదు. రజాక్ గారు ఉన్న కాస్త ఎత్తునూ వెచ్చించి కుడివైపుకు బలంగా తిప్పారు. రెక్క ఇసుక దిబ్బకు తగిలింది. విమానం ముక్కు దిబ్బలో దిగబడింది. తీరం మీద ఎవరికీ ఏమీ కాలేదు. రజాక్ గారికి నుదుటి మీద గాయమయింది. ముందు సీటులో ఉన్న ఇందిరమ్మ గారి ఎడమ కాలు ఇంజను కింద నలిగింది.

వల వదిలేసి పరుగెత్తుకొచ్చిన బెస్తవారు ఆమెను బయటికి తీశారు. వారి పెద్ద చిన్నపోలయ్య తన తలగుడ్డ విప్పి ఆమె కాలికి కట్టి, రజాక్ గారి వైపు తిరిగి చేతులు జోడించి, “సాయబూ, మా మీద పడకుండా పక్కకి తిప్పినావు. మేమంతా చూసినాము. మా పిల్లోళ్ళు బతికినారు,” అన్నాడు. ఆ కృతజ్ఞత స్వీకరించే స్థితిలో వారు లేరు. మీరుండే చోటికి విమానాన్ని తీసుకురావడమే నా తప్పు అని మాత్రం అన్నారట.

ఎద్దుబండి ఒకటి వచ్చింది. దానిలో గడ్డి పరిచి ఇందిరమ్మను పడుకోబెట్టి, దగ్గరి దారిన వాకాడుకు బయలుదేరారు. రజాక్ గారు బండి పట్టె పట్టుకుని పక్కనే నడిచారు. ఆ దగ్గరి దారి పర్ర మీదుగానే పోతుంది. బండి చక్రాలు అంగుళమైనా దిగలేదు. పలచగా ఉప్పు పట్టిన నేల, తారు రోడ్డంత గట్టిగా, కనుచూపు మేర చదునుగా ఉంది. ఆ నేల మీద నడిచిన నడకను గురించి వారు నాతో ఈ ఎనిమిదేళ్ళలో ఒకే ఒక్కసారి మాట్లాడారు. బండిలోంచి ఆమె మూలుగు వినబడుతూనే ఉందనీ, కాని ఆమె ‘చెప్పాను కదా సార్’ అని ఒక్క మాట అనలేదనీ చెప్పారు.

నెల్లూరు ఆసుపత్రిలో కాలు నిలిచింది గాని పొట్టిదయింది. విమానం నడపడానికి కావలసిన వైద్య పరీక్షలో ఆమె ఇక ఎన్నటికీ నెగ్గరని డాక్టర్లు తేల్చారు. రజాక్ గారు రోజూ ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన కూర్చునేవారు. కొన్నాళ్ళకు పద్మనాభయ్య గారు వారిని వరండాలోకి పిలిచారు. ఆయన కోపగించుకోలేదు. “సాయిబు గారూ, మీరు ఇంక రావద్దు. మిమ్మల్ని చూసినప్పుడల్లా మా ఇంటిది ఏడస్తా ఉండాది,” అన్నారు. ఆ తర్వాత రజాక్ గారు ఆదివారాలు ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి, కాంపౌండరును పిలిచి ఆమె ఎలా ఉన్నారో కనుక్కుని వెనుదిరిగేవారు. వారి సతీమణి రషీదా గారు ఈ విషయం చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

విచారణకు ఇద్దరు అధికారులు వచ్చారు. వాంగ్మూలాలు రాసుకునే పని నాది గనుక నేను ఆ గదిలోనే ఉన్నాను. వారు రజాక్ గారిని గౌరవించేవారే. కొత్తవారు భయంతో విమానాన్ని తిప్పే కర్రను బిగించి పట్టుకోవడం మామూలేననీ, అటువంటిది జరిగి ఉంటే మొహమాటం లేకుండా చెప్పవచ్చుననీ ఒక అధికారి అన్నారు. అది రజాక్ గారికి తప్పించుకునేందుకు చూపిన దారి అని గదిలో అందరికీ అర్థమయింది.

“భయపడింది నేనండీ,” అన్నారు రజాక్ గారు. “ఆ అమ్మాయి భయపడలేదు. సరైన చోటు చూపించింది, నేల గట్టిదని కూడా చెప్పింది. నేను వినలేదు. అట్టాగే రాసుకోండి.”

ఏడాదిపాటు వారి శిక్షణ ఇచ్చే అర్హతను నిలిపివేశారు. ఆ ఏడాది ముగిశాక సంస్థ అధ్యక్షులు మొదలు షెడ్డులో పనివారి దాకా అందరమూ తిరిగి విమానం ఎక్కమని ప్రార్థించాము. ఇంకొకరి బిడ్డను నా చేతిలో పెట్టమని నేనెట్టా అడిగేది అన్నారు. లైసెన్సు గడువు తీరిపోతుంటే పునరుద్ధరించుకోలేదు. నల్లబల్ల ముందు నిలబడి వాతావరణం, ఇంజన్లు, పటాలు బోధించే పనిని కోరి తీసుకుని, నేటి దాకా అదే చేశారు. అయితే ఒక కొత్త నియమాన్ని మాత్రం పట్టుబట్టి పెట్టించారు. అత్యవసరంగా దిగే పాఠంలో విద్యార్థి తాను ఎంచుకున్న చోటు పైకి చెప్పాలి. ఎందుకు ఎంచుకున్నావని అడగకుండా శిక్షకుడు చేయి వేయరాదు. ఈ నియమం వచ్చాక రెండు సందర్భాల్లో మన విద్యార్థులు ఆగిన ఇంజనుతో క్షేమంగా దిగారు. ఆ రెండుసార్లూ అందరూ అభినందిస్తుంటే రజాక్ గారు తరగతి గదిలోంచి బయటికి రాలేదు.

వారు నేర్పిన విద్యను మనం వాడుకున్నాము గాని, వారి చేతిలో ఉన్న విద్యను పోగొట్టుకున్నాము. ఇద్దరు గొప్ప చోదకులను ఒకే ఉదయం కోల్పోయిన సంస్థ మనది.

పదవీ విరమణ వార్త తెలిసి, ప్రస్తుతం నాయుడుపేటలో గణితం బోధిస్తున్న ఇందిరమ్మ గారు పోయిన వారం మన సంస్థకు వచ్చారు. చేతికర్ర ఊతంగా షెడ్డు దాకా నడిచి వచ్చి, రజాక్ గారికి నమస్కరించారు. ఇద్దరూ ఆ ఎనిమిదేళ్ళను గురించి ఎలా మొదలుపెట్టాలో తెలియక విమానాల గురించి మాట్లాడుకున్నారు. చివరికి ఆమే అడిగారు.

“ఆసుపత్రికి రావడం మానేసినారు. నా మీద కోపమేమో అనుకుంటిని సార్.”

తండ్రి గారి మాట చెప్పలేక వారు తల అడ్డంగా ఊపారు. కోపం కాదమ్మా అన్నారు. ఆమె షెడ్డులోని విమానం రెక్క మీద చేయి వేసి, నడపనివ్వకపోయినా ప్రయాణికురాలిగా కూర్చోవచ్చు కదా అని అడిగారు. మిగిలిన శిక్షకులు ముందుకు వచ్చి, ఇప్పుడే తీసుకువెళ్తామని ఉత్సాహంగా అన్నారు.

“మీతో అయితే పోదామని వచ్చినాను సార్,” అన్నారామె రజాక్ గారితో. “ఎప్పుడైనా ఒకసారి పిలుస్తారని చూస్తా ఉండినాను.”

రజాక్ గారు ఆమె వైపు చూడకుండానే అన్నారు. “లైసెన్సు పోగొట్టుకుని చాలా కాలమయిందమ్మా. నాకు నేను వేసుకున్న శిక్ష అనుకున్నాను. అది నీకూ పడతాదని తెలవలేదు.”

ఆమె వేరొకరితో వెళ్ళడానికి ఒప్పుకోలేదు. ఇద్దరూ షెడ్డు నీడలో బల్ల మీద కూర్చుని, మధ్యాహ్నం బస్సు వేళ దాకా మాట్లాడుకున్నారు. ఆ మాటలు నేను వినలేదు, వినవలసినవి కావు.

రజాక్ గారూ, మీకు శాలువా కప్పి, పూలమాల వేసి పంపడం మా విధి. మీరు మాకు ఇచ్చినదానికి అది సరితూగదని మాకు తెలుసు. మీరూ, రషీదా గారూ నెల్లూరులోని మీ ఇంట పిల్లాపాపలతో, నిండు ఆరోగ్యంతో, చిరకాలం సుఖంగా జీవించాలని సహోద్యోగులందరి తరఫునా కోరుకుంటున్నాను. ఈ కోరికకు ఇంకొక్కటి చేర్చే చనువు తీసుకుంటున్నాను. ఈ ఎనిమిదేళ్ళుగా విమానం పైన పోతుంటే మీరు శబ్దం విని పాఠం చెప్పారే గాని ఒక్కసారీ తల ఎత్తి చూడలేదు. మన విమానాలు నెల్లూరు మీదుగా రోజూ పోతాయి. ఇకనుంచి మీరు వాకిట్లోకి వచ్చి చూడాలి.