నమిలిన కాలరు

అన్నయ్యగారూ, మీ పాపకి ఎన్ని రంగుల పేర్లు వచ్చు?

చెప్పండి. మూడేళ్ళు నిండాయిగా, ఈపాటికి నాలుగైదైనా వచ్చుండాలి. నవ్వుతున్నారంటే ఇంకా ఎక్కువే వచ్చన్నమాట. మా దానికి మూడేళ్ళప్పుడు ఎనిమిది వచ్చు. ఇప్పుడు అయిదేళ్ళు. రెండే వచ్చు. ఒకటి ఎరుపు. రెండోది రోజుకో రకంగా చెబుతుంది.

లేదండీ, కూర్చోను. కూర్చుంటే మీరు మంచినీళ్ళు తెప్పిస్తారు, ఓనరుగారి చెవిన వేస్తానంటారు, నేను తలూపి వెళ్ళిపోతాను. పోయిన వారం జరిగింది అదేగా. అంతకు ముందు వారమైతే లోపల ఉండే లేరనిపించారు. అందుకే ఇవాళ తలుపు నేనే వేశాను. షిఫ్టు దిగే సైరన్ మోగడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. నాకది చాలు.

నేను టేబుల్ మీద పెట్టిన ఆ కవరు ముట్టుకోకండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

సూపర్‌వైజరు మీరు, పిలిస్తే వస్తారు గానీ మా ఆయన్ని పిలిపించకండి. నేనిక్కడికి వచ్చినట్టు ఆయనకి తెలీదు. కొలిమి దగ్గర ఉన్నారు, ఉండనివ్వండి.

మా దానికి వాగుడుకాయ అని పేరు పెట్టింది మీరే, గుర్తుందా? ఒకసారి గేటు దాకా తీసుకొస్తే మీ మీసం మీద పది ప్రశ్నలేసింది. అది పెరుగుతుందా, పీకితే నొప్పా, నిద్రపోయేటప్పుడు తీసి ఎక్కడ పెడతావు మామా అని. మీరు పడీ పడీ నవ్వారు. ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు ఆ పేరుతో ఎవరం పిలవం. మొన్న మా ఆయన అలవాటుగా పిలిస్తే, మా అత్తగారు కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొదట బడిలో టీచరమ్మ పిలిపించింది. మీ అమ్మాయికి శ్రద్ధ లేదండీ, ఒక్కచోట నిలవదు, చెప్పింది చెప్పినట్టే మర్చిపోతుంది, పక్క పిల్లని గిల్లుతుంది అంది. ఫోను ఎంతసేపు ఇస్తారని అడిగింది. అసలివ్వనండీ అంటే, చాలా చూశాంలే ఇలాంటి తల్లుల్ని అన్నట్టు ఒక చూపు చూసింది. మా ఆడపడుచైతే గారాబం ఎక్కువై చెడిందని తేల్చి పారేసింది. కడుపునొప్పి అని ఏడిస్తే బడి ఎగ్గొట్టే నాటకం అంది. నేనూ నమ్మాను. దాచుకోవడం దేనికి, కడుపు పట్టుకుని ముడుచుకుపోయిన పిల్లని లేపి మరీ రెండు వేశాను.

ఏం చెయ్యమంటే అది చేశానండీ. నా బిడ్డ విషయంలో నన్ను వేలెత్తి చూపించే సందు ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను. పాలు తాగించమన్నారు, తాగించాను. గుడ్లు, ఆకుకూరలు అన్నారు, వెంటపడి తినిపించాను. పార్కుకి తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళాను. కథలు చెప్పమంటే ఉన్నవి అయిపోయి కొత్తవి కల్పించాను. టీకాల నర్సమ్మ ఒకమాట అంది, పిల్లల మెదడు నిద్రలోనే పెరుగుతుందమ్మా, ఎనిమిదింటికల్లా పడుకోబెట్టు అని. ఆ మాట పట్టుకుని వదల్లేదు నేను. ఎనిమిదంటే ఎనిమిదే. ఇరుగుపొరుగు నన్ను గడియారం కోడలు అనేవాళ్ళు.

అంత చేసినా పిల్ల వెనక్కి వెళ్ళింది. పిల్లలు ముందుకి పెరుగుతారని విన్నాం గానీ, వచ్చిన మాటలు ఒక్కొక్కటే జారిపోవడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ముందు వర్షం అనే మాట పోయింది. తర్వాత మెట్లు. గ్లాసు చూపించి అది, అది అనడం మొదలెట్టింది.

మూడు వారాల కింద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పిల్లని చూడకముందే మా ఆయన గోళ్ళు చూసింది. ఏం పని అని అడిగింది. పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగిస్తామండీ అన్నారాయన, గొప్పగానే. ఆవిడ పెన్ను కింద పెట్టింది. రక్తం తీయించింది. రెండు రోజుల తర్వాత కాగితం చేతికొచ్చింది. ముప్పై ఎనిమిది. ఎంతుంటే మంచిదండీ అని అడిగాను. సీసానికి మంచి అంకె అంటూ లేదమ్మా అంది.

ఆగండి. మీరేమంటారో నేనే చెబుతాను, మీకు శ్రమ లేకుండా. మీ ఆయన పన్నెండేళ్ళుగా చేస్తున్నాడు, దుక్కలా లేడా అంటారు. నేనూ అదే అడిగాను. పెద్దవాళ్ళకీ హానేనట, మెల్లగా బయటపడుతుందట. చిన్నపిల్లల ఒళ్ళు వేరటండీ. ఎదిగే ఎముకకి ఆకలి. పాలల్లోంచి వచ్చే సత్తువకీ ఈ సీసానికీ తేడా తెలీక దీన్నీ పట్టుకుని దాచుకుంటుందట. మెదడు ఇంకా అల్లుకుంటున్న వయసు, ఆ అల్లికలోకి ఇది దూరుతుందట. ఇంట్లోకి రాకుండా ఆపితే అంకె తగ్గుతుంది, పోయినవన్నీ తిరిగొస్తాయని మాత్రం మాటివ్వలేను అంది డాక్టరమ్మ. పోయినవి అంటే ఏంటో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

గోడల రంగుల్లోనూ సీసం ఉంటుంది కదా అంటారా? ఉంటుందట. మా ఇంటికి వట్టి సున్నం. ఇంకేముంది మీ దగ్గర?

సరే, నేను అడుగుతాను. బట్టలు మార్చుకునే గది ఏమైంది అన్నయ్యగారూ?

అదిగో, నడుము దగ్గర తాళంచెవి తడుముకుంటున్నారు. రెండేళ్ళ కిందటి దాకా ఆ గదిలో నాలుగు కుళాయిలు, పేర్లు రాసిన అల్మరాలు ఉండేవి. ఆయన అక్కడే తలంటుకుని, ఇంటి బట్టలేసుకుని, తడి జుట్టుతో వచ్చేవారు. ఒకసారి సరుకు ఎక్కువొచ్చింది. నాలుగు రోజులకేనని పాత బ్యాటరీలు ఆ గదిలో పేర్పించారు. మీరే. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. యూనిఫాం ఎవరింట్లో వాళ్ళు ఉతుక్కోవాలని గోడకి కాగితం అంటించారు. ఇరవై రెండుమంది ఆ బట్టలతోనే ఇళ్ళకి పోతున్నారు. గేటు దగ్గర చొక్కాలు దులుపుకుంటారు, అదొక్కటే తేడా.

ఇంటికి రాగానే పిల్లేమో కాళ్ళకి చుట్టేసుకుంటుంది. ఎత్తుకుంటే మెడలో మొహం దూర్చేస్తుంది. ఏ తండ్రి వద్దంటాడు?

ఇప్పుడా కవరు. విప్పకండి. పైనుంచే చూడండి.

మా ఆయన చొక్కానే. కాలరు చూశారా, ఎలా పీలికలైందో? ఇది చూసి మీరే అడిగారట, ఏరా, మీ ఇంట్లో ఎలుకలు కొరికాయా అని. అందరూ నవ్వారట. ఆయన ఇంటికొచ్చి చెబితే నేనూ నవ్వాను. ఎలకెవరో నాకు తెలుసు గనక.

ఆయనకి సాయంత్రం షిఫ్టు పడ్డ వారాల్లో పిల్ల నిద్రపోయేది కాదండీ. నాన్న వాసన కావాలని ఏడ్చేది. గది మూతపడ్డాకే అబ్బింది దానికి ఆ వాసన, అంతకుముందు ఆయన సబ్బు వాసనతోనే వచ్చేవారు. ఎనిమిది దాటిపోతోంది, నర్సమ్మ మాట చెవిలో మోగుతోంది. ఒకరోజు ముందునాటి చొక్కా తీసి దాని తలగడకి చుట్టాను. ఉతకనిది. ఉతికితే వాసన పోతుందని. రెండు నిమిషాల్లో నిద్రపోయింది, కాలరు నోట్లో పెట్టుకుని. నాకెంత గర్వమనిపించిందో. ఇంత తేలికైన ఉపాయం ఎవరికీ తట్టలేదే అనుకున్నాను.

రెండేళ్ళు, అన్నయ్యగారూ. దాని మెదడు పెరగాలని రెండేళ్ళు నా చేత్తో నేనే చుట్టిచ్చాను.

పిల్ల నోట్లో ఏం పెట్టుకుంటుందమ్మా అని డాక్టరమ్మ అడిగింది. పక్కన ఆయన కూర్చుని ఉన్నారు. ఏమీ లేదండీ అన్నాను. ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది, అయినా అదే అన్నాను. ఇంకా వినండి. ఆ సాయంత్రం పిల్ల సూదిపోటుకి బెదిరి ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తుంటే, తట్టుకోలేక మళ్ళీ ఇచ్చాను. తెలిసి ఇచ్చాను. గంట తర్వాత దాని నోట్లోంచి లాగి ఈ కవర్లో కట్టేశాను. ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు. ఇవాళ చెబుతాను. ముందు మీకు చెప్పింది ఎందుకో తెలుసా? తప్పంతా మీదే అని అరిచి వెళ్ళిపోతే మీరు చేతులు దులుపుకునేవారు. నా సగం నేను ఒప్పుకున్నాను. ఇక మీ సగం మీరు దాచుకోలేరు.

కుర్చీ వెనక్కి జరిపారు చూశారా, ఈ కవరు చూసి. ఎక్కడికి జరుగుతారు? అదే గుడ్డ మీ ఒంటి మీద ఉంది. మీ కిటికీ గట్టు మీద సీసం దుమ్ములో వేలితో గీశాను చూడండి, గీత ఎంత తెల్లగా పడిందో. మీ టేబుల్ మీద ఫొటోలో మీ మెడ పట్టుకుని నవ్వుతోందే, ఆ పాపకి నాలుగైదు రంగులకన్నా ఎక్కువే వచ్చన్నట్టు నవ్వారు. ఎంతకాలం వస్తాయి?

ఫోను మోగుతోంది, ఎత్తండి. ఇంటినుంచేనా? ఎప్పుడొస్తావని అడుగుతోందా పాప? ఇవాళ కాస్త ఆలస్యమవుతుందని చెప్పండి.

సైరన్ కూడా మోగింది. ఇక ఓనరుగారి దాకా పోనక్కర్లేదు, తాళంచెవి మీ నడుముకే ఉంది. గది తీయండి. ఇరవై రెండుమంది తలా ఒక చెయ్యి వేస్తే ఆ బ్యాటరీలు చీకటి పడేలోపు బయటికొస్తాయి. కుళాయి ఒక్కటి పనిచేసినా ఇవాళ్టికి చాలు. పిల్లలున్న ప్రతివాడికీ రేపు సగంపూట సెలవు రాయండి, రక్తపరీక్షకి. మా ఆయన్ని నేను బయట గోడవారన కూర్చోబెట్టుకుని మాట్లాడతాను, ఆయన్ని మాత్రం బ్యాటరీలు మోయడానికి పిలవకండి.

మీరు మోచేతుల దాకా రుద్ది కడుక్కోండి. ఆ చొక్కా ఇక్కడే విప్పేసి, బనీనుతో ఇంటికి వెళ్ళండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పాపని ఎత్తుకునేది ఆ తర్వాతే.