సంగటికి నిల్చే పొయ్యి

ఏదీ, ఆ ఫోన్ ఇట్లా తిప్పు సాయీ. ఇదా పొయ్యి? నేను మీ అమ్మ చెవి కమ్మ అనుకుంటిని. తొంభై గ్రాములేనంట, దానికి పొంగిపోతాండావు. గ్యాస్ డబ్బా నెత్తిన ఇది, దీని నెత్తిన గిన్నె, గిన్నెలో సంగటి. బెంగుళూరు స్నేహితులకి అడివిలో మా అవ్వ మాదిరి రాగిసంగటి చేసి పెడతానని మాటిచ్చి వచ్చినావు కదా, అంటే నా పరువు కూడా దీని నెత్తినే కూకుంటాది. మూడు రోజులు నడిచేకి పనికొస్తాది, వానలకి కరెంటు పోయి సిలిండరు అయిపోతే ఇంట్లోకీ పనికొస్తాది అంటావు. సరే, కొను, నేను వద్దంటానా. కాని ఇది కాదు కొనాల్సింది. ఎన్ని గ్రాములని చూస్తాండావే గాని, కట్టె పెట్టి గెలికితే నిల్చుకుంటాదా అని చూస్తివా? మా అత్త ఉలిగమ్మ ఉండుంటే... చూడు, పేరెత్తంగానే నవ్వు. మీ ఇంటిల్లిపాదికీ అదే రోగం.

నువ్వు చూడలేదులే ఆయమ్మని. మీ నాయన రెండో క్లాసులో ఉండంగా పాయ. మనిషి ఎట్లుండె అంటే, పెనుకొండ కోట గోడకి చీర చుట్టినట్లుండె. తుమ్మితే ధర్మవరంలో మగ్గాలు ఆగిపోతాండె. ఈ పక్క హిందూపురం, ఆ పక్క ధర్మవరం, యాడ పెండ్లయినా సంగటికి ఆయమ్మే రావల్ల. మున్నూరు మందికి ఒక్క చేత్తో గెలికేది, ఇంగో చేత్తో వక్కాకు నమిలేది. చేత్తో ఎట్లా నములుతారంటావా? ఆయమ్మని అడగల్ల అది. ఈడ బజారులో సుబ్రహ్మణ్యం శెట్టిది బోకులూ పొయ్యిలూ అమ్మే అంగడి ఉండె. ఆయమ్మ మలుపు తిరిగిందంటే చాలు, శెట్టికి చెమటలు. యాలంటే ఈయమ్మ బోకిని తట్టి చూసి, పొయ్యిని ఎత్తి చూసి కొనే రకం కాదు. అంగడి నడిమధ్య కూకోని, పొయ్యి మీద బోకి పెట్టి, దాంట్లో రెండు శేర్ల ఇసక పోసి నీళ్ళతో తడిపి, ఇంటికాడ నుంచి తెచ్చుకున్న సంగటి కట్టెతో గరగరా గెలికేది. కదిలిందా, పక్కకి తోసేది. "అమ్మా, ఇది అంగడమ్మా, ఏటిగడ్డ కాదు" అని శెట్టి ఏడుపు మొగం పెడితే, "నా ఇంట్లో దొర్లితే నువ్వొచ్చి ఎత్తుతావేమప్పా?" అనేది. ఒక్క పూటలో నలభై పొయ్యిలు కూలదోసె. నమ్మవా? ముప్పైతొమ్మిది అనుకో పో.

నా పెండ్లయిన ఏడే, పెనుకొండ కొండ మీది నరసింహసామికి మొక్కు తీర్చేకి బయల్దేరినాము, పదకొండు మందిమి. మీ తాత బెంగుళూరు నుంచి ఇత్తడి పంపు స్టవ్వు తెచ్చిండె. అబ్బా, బంగారు కొంగ అనుకో, మూడు సన్న కాళ్ళ మీద నిలబడి మెరుస్తాండె. అత్త చూసిన వెంటనే "ఇసక తే మే" అనె. "ఇసక పోస్తే మెరుపు పోతాదత్తా" అంటిని. కొత్త కోడల్ని, నా మొగుడు తెచ్చింది, నాకెంత గీర ఉంటాది. ఆయమ్మ యాడికి పోయినా బోకి కదలకుండా నిలబెట్టే ఇనుప ముక్కాలిపీట మోసుకోని పోయేది, నాలుగు కేజీలు. ఆ పొద్దు అది కనపడలేదు. దాన్ని జొన్నల గంప వెనక దాచింది ఎవరో తెల్సునా? చెప్తాలే, ఉండు. "కొండెక్కేకి బరువేమిటికత్తా" అంటే, "సరేలే మే, నీ కొంగనే తోలుకోని పోదాం" అని నవ్వె.

ఇంగ వాన పట్టుకునె చూడు. మెట్లు యేరయిపాయ. మేకలు కొట్టుకోని పోయె, బండలు కొట్టుకోని పోయె, ఒక ఏనుగు కూడా పాయ. రాతి మండపంలో రెండు పొద్దులు ఇరుక్కుంటిమి. కట్టెపుల్లలన్నీ నాని ముద్దయిపాయ, అప్పుడు నా కొంగే గతి. పంపు కొడితే నీలం మంట. అందరూ నన్ను మెచ్చుకున్నోళ్ళే. రెండో పొద్దు మధ్యాన్నానికి మిగిలింది ఒక్క రాగిపిండే. తర్వాత కథ మీకందరికీ నోటికి వచ్చు కదా: ఉలిగమ్మ కట్టె పెట్టి ఒక్క తిప్పు తిప్పె, స్టవ్వు ఎగిరె, బోకి దొర్లె, మూటెడు పిండి సంగటి మెట్ల మీద పారుకుంటా పెనుకొండ ఊర్లోకి దిగె, ఊరి కుక్కలు వారం దినాలు తినె. అప్పట్నుంచి ఆయమ్మ మరిది పుల్లయ్య యాడ కనపడినా ఒకటే మాట, "వదినా, పొయ్యి పట్టుకో." పెండ్లిండ్లలో మెల్లగా వేరే వాళ్ళని పిలిచిరి సంగటికి. ఆయమ్మ ఒక మూల కూకోని ఎర్రగడ్డలు కోసేది. కోసుకుంటా తనూ నవ్వేది.

ఆ కథ ఊరూరా చెప్పింది ఎవరనుకున్నావు? నేనే. చెప్పినప్పుడంతా ఒక శేరు పిండి కలుపుతా వచ్చినా, ఇప్పటికి మూటయింది.

మూట కాదు పాపా. రెండు శేర్లు. కుక్కలూ లేవు, ఏనుగూ లేదు. కట్టె ఆయమ్మ చేతిలో లేదు, నా చేతిలో ఉండె. "రామలక్ష్మీ, ఉండు, నేను కాళ్ళతో అదుముకుంటా, అప్పుడు గెలుకు" అనె. నాకు తెల్సులే అంటిని. రెండు తిప్పులు, అంతే. అందరూ వాన పక్క తిరిగి కూకోనుండ్రి. శబ్దానికి వాళ్ళు వెనక్కి తిరిగే లోపల నా చేతిలో కట్టె ఆయమ్మ గుంజుకునె. పుల్లయ్య "ఎవరది?" అంటే, "నేనేలేప్పా, చెయ్యి జారె" అనె. నా మొగం కూడా చూడలేదు. పదకొండు మందిమి ఒట్టి కడుపుతో పండుకుంటిమి. ఇంటికొచ్చినాక గంప వెనక నేను దాచిన ముక్కాలిపీట దొరికె ఆయమ్మకి. తుడిచి, దాని జాగాలో అది పెట్టె. తర్వాత పదేండ్లు మా ఇద్దరికీ జుట్లు పట్టుకునే జగడాలు ఎన్నయినాయో. ఒక్క జగడంలో కూడా ఆ మాట తీయలేదు ఆయమ్మ. నేనూ తీయలేదు. నాకు వేరే కథ ఉండె కదా చెప్పుకునేకి.

ఏమట్లా చూస్తాండావు? ఇందాక ఇంగోటి చూపిస్తివే, నేలకి ఆనుకోని, కాళ్ళు వెడల్పుగా పరుచుకోని ఉండేది, అది యాడ పాయ? ఆ, ఇదే. ఫోన్‌లో కొనొద్దు. అంగడికి పోదాం పా. ఇసక నేను తెస్తా.