కాన్పుల నర్సు చేతిలో బంతి

ఆసుపత్రి హ్యాండ్‌బాల్ జట్టులో కొత్తగా చేరిన కాన్పుల నర్సు, తన చేతికొచ్చిన బంతిని గుండెకు హత్తుకుని నిలబడిపోయింది. కుర్ర కోచ్‌కు ఓపిక నశించింది.

“విసరండి సిస్టరమ్మా! బంతి మూడు సెకన్లకు మించి చేతిలో ఉండకూడదు.”

“చేతిలోకొచ్చినదాన్ని విసిరేయడం నావల్ల కాదు బాబూ. ముప్పై ఏళ్ల అలవాటు.”

“ఆటన్నాక విసరాలి కదమ్మా!”

“నువ్వు పుట్టినప్పుడు నిన్ను పట్టుకున్నదీ ఈ చేతులే. మూడు సెకన్లకే విసిరేసుంటే ఇవాళ కోచ్‌వయ్యేవాడివా?”

జట్టంతా గొల్లున నవ్వింది. అతను తల గోక్కున్నాడు.

“సరే, గోల్ ముందు నిలబడండి. వచ్చిన బంతినల్లా పట్టుకోండి, చాలు.”

“ఆ ముక్క ముందే చెప్పొద్దూ!”

అతను బలంకొద్దీ విసిరాడు. ఆమె ఒడుపుగా రెండు చేతులా పట్టి, హాలు గోడ మీది గడియారం చూసింది.

“ఆరూ పది. రాసుకో!”

“ఏం రాయాలమ్మా?”

“పుట్టిన టైము, నాయనా!”